ఇన్‌సోల్ కొనే ముందు క్యాలెండర్ చూడండి

తెల్లవారుజామున ఐదింటికి సికింద్రాబాద్ పరేడ్ మైదానం చుట్టూ, తిరుమలగిరి, బొల్లారం వైపు కంటోన్మెంట్ రోడ్ల మీద ఒకసారి చూడండి. గుంపులు గుంపులుగా పిల్లలు పరుగెత్తుతుంటారు. కొందరికి అగ్నివీర్ కావాలి, కొందరికి కానిస్టేబుల్ ఉద్యోగం కావాలి. దాదాపు అందరి లెక్కా ఒకే దూరం చుట్టూ తిరుగుతుంది: 1600 మీటర్లు. ఆర్మీ ర్యాలీలో ఆ దూరాన్ని ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు. మరో 15 సెకన్లు ఆలస్యమైతే 48. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022లో మగవాళ్లకు పెట్టిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.

వీళ్లలో కొందరు రెండు మూడు వారాల తర్వాత కుంటుకుంటూ మా ప్రభుత్వాసుపత్రి ఓపీకి వస్తారు. మోకాలికీ చీలమండకీ మధ్య, కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి. కొందరు పరీక్ష చేయకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: ‘సార్, బూట్లలో ఏ సోల్ వేసుకుంటే తగ్గుతుంది?’ గ్రౌండ్‌లో సీనియర్ చెప్పాడనో, ఫోన్‌లో వీడియో చూశాననో అప్పటికే ఒక జత జెల్ సోల్స్ కొని తెచ్చినవాళ్లూ ఉంటారు.

ఇన్‌సోల్‌కు పని ఉంది. అది అందరికీ పనిచేసేది కాదు, ఏది పడితే అది పనిచేసేదీ కాదు. నొప్పి వచ్చాక హడావిడిగా కొనే వస్తువు అసలే కాదు. ఈ పిల్లల కాళ్లను దెబ్బతీస్తున్నది ప్రధానంగా బూటు లోపలి అట్ట కాదు, నోటిఫికేషన్‌కీ పరుగుకీ మధ్య మిగిలే వారాల సంఖ్య అన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఎముకకు తన లెక్క ఉంది

ఈ నొప్పిని షిన్ స్ప్లింట్స్ అంటారు. కాలి ముందు భాగంలో ఉండే పెద్ద ఎముక పేరు టిబియా. దాన్ని అంటిపెట్టుకుని పల్చటి పొర, ఆ పొరకు అతుక్కుని పిక్క లోపలి కండరాలు ఉంటాయి. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ ఈ ఎముక కాస్త వంగి మళ్లీ నిటారు అవుతుంది. కంటికి కనిపించేంత కాదు గానీ, నిజంగానే వంగుతుంది. 1600 మీటర్లలో ఇలా వెయ్యిసార్లకు పైగానే జరుగుతుంది. అలవాటు లేని ఎముక మీద ఈ భారం రోజూ పడితే ఎముకా, దాని పొరా రేగుతాయి. మొదట్లో పరుగు ప్రారంభంలో నొప్పి వచ్చి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. తర్వాత పరుగంతా ఉంటుంది. ఆ తర్వాత మెట్లు దిగుతున్నా ఉంటుంది.

ఎముకను మనం రాయిలాంటిది అనుకుంటాం. అది బతికున్న కణజాలం. కొత్త భారం పడితే తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. కానీ ఇల్లు బాగు చేయించేటప్పుడు పాత గోడ కొంత పగలగొట్టాకే కొత్తది కట్టినట్టు, ఎముక కూడా ముందు పాతదాన్ని కరిగించుకుని తర్వాతే కొత్తదాన్ని పోసుకుంటుంది. కరగడానికి వారాలు చాలు. కొత్త ఎముక పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే కొత్తగా పరుగు మొదలుపెట్టిన మూడో వారం, నాలుగో వారం సమయానికి ఆ ఎముక మొదలుపెట్టిన రోజుకన్నా బలహీనంగా ఉండొచ్చు. సరిగ్గా అప్పుడే గుండె, ఊపిరితిత్తులు అలవాటుపడి ‘ఇంకా వేగంగా పరుగెత్తగలను’ అనిపిస్తుంది. దమ్ము ముందు వస్తుంది, ఎముక వెనక వస్తుంది. ఆ మధ్య ఖాళీలోనే మా ఓపీకి ఈ పిల్లలు వస్తారు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నియామకాల్లో ప్రిలిమ్స్ రాతపరీక్ష ఆగస్టులో జరిగింది. ఫలితాలు అక్టోబరు మూడో వారంలో వచ్చాయి. దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరు రెండో వారంలో మొదలయ్యాయి. ఫలితం వచ్చేదాకా చాలామంది స్టడీహాల్ కుర్చీల్లోనే ఉంటారు. పాసయ్యామని తెలిశాక మైదానానికి వెళ్తారు. చేతిలో ఉన్నది ఏడెనిమిది వారాలు. ఆర్మీలోనూ 2023 నుంచి ఆన్‌లైన్ రాతపరీక్ష ముందు, పరుగు తర్వాత అయింది. అంతకుముందు పరుగే మొదటి మెట్టు కాబట్టి కుర్రాళ్లు ఏడాది పొడవునా ఎంతో కొంత పరుగెత్తుతూనే ఉండేవాళ్లు. పరీక్షల నిర్వహణకు కొత్త పద్ధతి సౌకర్యమే, కాదనను. కానీ అది పరుగును చివరి వారాల్లోకి నెట్టేసింది.

సైన్యాలు ఇన్‌సోల్స్‌ను పరీక్షించాయి

ఈ ప్రశ్న మనకు కొత్త గానీ, ప్రపంచంలోని సైన్యాలకు పాతదే. రిక్రూట్లందరూ ఒకే తిండి తిని, ఒకే బూటు వేసుకుని, ఒకే దూరం పరుగెత్తుతారు. సగం మందికి ఇన్‌సోల్ ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా చూడటానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ముందుగా మెత్తటి సోల్స్ సంగతి. బ్రిటిష్ వాయుసేన శిక్షణ కేంద్రంలో 1205 మంది రిక్రూట్ల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అదురును పీల్చుకునే రెండు రకాల ఖరీదైన ఇన్‌సోల్స్‌ను మామూలు ఇన్‌సోల్‌తో పోల్చారు. గాయాల్లో తేడా కనిపించలేదు. మన బజారులో జెల్ సోల్ పేరుతో దొరికేవి ఈ మెత్తటి కోవకే చెందుతాయి. వేసుకుంటే హాయిగా ఉంటుంది, అందులో తప్పులేదు. షిన్ స్ప్లింట్స్ రాకుండా ఆపుతాయన్న నమ్మకంతో మాత్రం కొనకండి.

రెండో రకం ఆర్థోటిక్ ఇన్‌సోల్. కొంచెం గట్టిగా ఉండి, పాదం వంపు కింద ఆసరా ఇచ్చి, పాదం లోపలికి మరీ వాలిపోకుండా చూస్తుంది. దీని కథ వేరు. బ్రిటన్‌లోని డార్ట్‌మత్ నౌకాదళ కళాశాలలో ముందుగా అడుగు ఒత్తిడిని కొలిచి, గాయాలయ్యే అవకాశం ఎక్కువున్న 400 మందిని ఎంచుకున్నారు. సగం మందికి వాళ్ల పాదానికి తగ్గ ఆర్థోటిక్స్ ఇచ్చారు. ఏడు వారాల శిక్షణలో ఇన్‌సోల్ ఉన్నవాళ్లలో 21 గాయాలు, లేనివాళ్లలో 61. 2011లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది సంబరపడ్డారు. అదే ఏడాది ఫిన్లాండ్ సైన్యంలో 228 మంది మీద చేసిన అధ్యయనం మాత్రం ఉపయోగం లేదని తేల్చింది. అక్కడ ప్రమాదం ఎక్కువున్నవాళ్లను ముందుగా ఏరలేదు. 2018లో ఆస్ట్రేలియా నౌకాదళం 306 మంది రిక్రూట్లలో సగం మందికి రెడీమేడ్ ఆర్థోటిక్స్ ఇచ్చి చూసింది. గాయాలు మూడోవంతు తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత బలం ఆ లెక్కకు రాలేదు. పైగా వేసుకున్నవాళ్లలో బొబ్బలు, పాదం నొప్పి ఎక్కువయ్యాయి.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. పాదం బాగా లోపలికి వాలేవాళ్లకు, లోగడ ఇదే నొప్పి వచ్చి తగ్గినవాళ్లకు గట్టి ఆర్థోటిక్ ఉపయోగపడే అవకాశం ఉంది. పాదం మామూలుగా ఉన్నవాడికి అది అదనపు ఖర్చు. మైదానంలో సీనియర్‌కు పనిచేసింది కాబట్టి మీకూ పనిచేస్తుందనుకోవడానికి లేదు.

బూట్ల మీద కూడా ఒక మాట. పాదం వంపును బట్టి ఫలానా రకం రన్నింగ్ షూ వేసుకోవాలని దుకాణాల్లో చెబుతుంటారు. అమెరికా సైన్యం, వాయుసేన, మెరైన్ దళాల్లో అలా పాదం ఆకారాన్ని బట్టి బూట్లు కేటాయించి చూశారు. గాయాలు తగ్గలేదు. కాలికి సరిపోయి, మడమ దగ్గర అరిగిపోకుండా ఉన్న జత చాలు.

ఇజ్రాయెల్ సైన్యం అనుభవం నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది. అక్కడ రిక్రూట్లలో ఎముక చిట్లే గాయాలు విపరీతంగా ఉండేవి. పాతికేళ్లపాటు రకరకాల బూట్లూ ఇన్‌సోల్సూ ప్రయత్నించారు. చివరికి అక్కడి వైద్యులు పెద్ద తేడా చూసింది ఎక్కడంటే, మొత్తం నడక దూరాన్ని తగ్గించి, రాత్రి కనీసం ఆరు గంటల నిద్ర తప్పనిసరి చేశాక. దుకాణంలో కొనాల్సింది ఏమీ లేదు అందులో!

వేసుకోవాలనుకుంటే

ముందు పాదాన్ని ఎవరికైనా చూపించండి. ఎముకల వైద్యుడో, ఫిజియోథెరపిస్టో కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు మీ పాదం వంపు ఎంత కిందికి దిగుతుందో కొలుస్తారు. తడి పాదంతో గచ్చు మీద అచ్చు వేసి చూసుకోవడం సరదాగా బాగుంటుంది గానీ, కదలికలో పాదం ఏం చేస్తుందో అది చెప్పదు. కృత్రిమ అవయవాల విభాగం ఉన్న పెద్దాసుపత్రుల్లో కొలతలు తీసి ఆర్థోటిక్ చేసిస్తారు. అంత అవసరం లేదనుకుంటే వంపు ఆసరా ఉన్న, చేత్తో వంచితే సులువుగా మడతపడని రెడీమేడ్ రకంతో మొదలుపెట్టొచ్చు.

బూటులో ముందే ఉన్న సోల్‌ను తీసేసి దీన్ని పెట్టాలి. దాని మీదే ఇది పెడితే మడమ పైకి లేచి బూటు జారుతుంది. మొదటి రోజు గంటసేపు మామూలు నడకకే వాడండి. రోజూ కొంచెం పెంచుకుంటూ పది పదిహేను రోజుల తర్వాతే పరుగులోకి తీసుకురండి. పరీక్షకు వారం ముందు కొత్తగా వేసుకోవడం బొబ్బలు కొనితెచ్చుకోవడమే. చెప్పుల్లేకుండా పరుగెత్తే అలవాటున్న వాళ్లకూ ఇదే మాట, ఆఖరి వారంలో ఏదీ మార్చకండి.

చదును పాదం ఉన్నవాళ్లు ఇంకో ఆశతో వస్తారు. కొన్నాళ్లు ఇన్‌సోల్ వాడితే వంపు వస్తుందనీ, ఆర్మీ మెడికల్‌లో గట్టెక్కుతామనీ. పదిహేడేళ్లు దాటిన పాదానికి ఇన్‌సోల్ వంపు తెప్పించదు. తీసేయగానే పాదం పాదమే. అయితే చదును పాదం కనిపించగానే దారి మూసుకుపోయినట్టు కాదు. మునివేళ్ల మీద లేచి నిలబడినప్పుడు వంపు కనిపిస్తూ, పాదం మెత్తగా కదులుతూ, నొప్పి లేకుండా వేళ్ల మీద పరుగెత్తగలిగితే సైనిక వైద్య పరీక్షలో అది అంగీకారమే. ఇంట్లో అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు. వేలకు వేలు పోసి ‘వంపు తెప్పించే’ సోల్స్ కొనేవాళ్లు ముందు ఈ పని చేయండి.

ఏది షిన్ స్ప్లింట్స్ కాదు

నేను ఫిజీషియన్‌ని, ఎముకల వైద్యుణ్ని కాదు. అయినా ఓపీలో మొదట తేల్చుకోవలసింది ఇదే. ఎముక లోపలి అంచు వెంట నాలుగు వేళ్ల వెడల్పున, అంతకన్నా ఎక్కువ మేర నొక్కితే నొప్పి ఉంటే అది షిన్ స్ప్లింట్స్ తీరు. ఒక్క వేలితో ‘ఇక్కడే’ అని చూపించగలిగేంత చోట, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముక చిట్లిందేమో అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది కదా’ అని మళ్లీ పరుగు మొదలుపెట్టిన పిల్లలకు ఆ చిన్న చీలిక పూర్తి విరుగుడు అయ్యే ప్రమాదం ఉంది. అనుమానం గట్టిగా ఉంటే ఎంఆర్‌ఐ కావాలి. గజ్జల్లో లోతుగా నొప్పి ఉంటే, అది తుంటి ఎముక మెడ దగ్గరి చీలిక కావచ్చు. ఆ రోజు నుంచే పరుగు బంద్, వెంటనే ఆసుపత్రి.

ఇంకొకటుంది. కొంత దూరం పరుగెత్తాక పిక్క రాయిలా బిగిసి, పాదం తిమ్మిరెక్కి, ఆగిన కొద్ది నిమిషాలకే సర్దుకుంటుంది. అది కండరాల గదిలో ఒత్తిడి పెరిగే సమస్య. దానికి ఇన్‌సోల్‌తో పనిలేదు.

నన్ను భయపెట్టేది మాత్రం నొప్పి బిళ్లలు, సూదిమందు. ఈవెంట్ రోజు ఉదయం డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకుని ట్రాక్ మీదికి వెళ్లే అలవాటు ఉంది. నొప్పి అనేది ఎముక వేసే కేక. దాని నోరు నొక్కేసి ఎముక మీద ఇంకా బరువు వేస్తున్నారు. అది ఒక నష్టం. రెండోది అంతకన్నా పెద్దది. నీళ్లు సరిగా తాగకుండా, చెమటలు కారుస్తూ ప్రాణం పెట్టి పరుగెత్తేటప్పుడు ఒంట్లో ఈ మందు ఉంటే కిడ్నీలకు రక్తం తగ్గుతుంది. కండరాలు దెబ్బతిని మూత్రం కోలా రంగులోకి మారితే అది ఎమర్జెన్సీ. కాలు చూపించుకోవడానికి రావలసిన కుర్రాడు డయాలసిస్ దాకా వెళ్లొచ్చు. గ్రౌండ్ బయట ఆర్‌ఎంపీ చేత సూది వేయించి పంపే కోచింగ్ వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు చేస్తున్నది శిక్షణ కాదు.

ఆడపిల్లల తల్లులకు

ఈ సమస్య ఆడపిల్లల్లో ఎక్కువ. ఎముకల నిర్మాణం ఒక కారణం. ఉద్యోగం కోసం బరువు తగ్గాలని హాస్టల్లో తిండి మానేయడం ఇంకో కారణం. అమ్మాయికి వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే ‘ప్రాక్టీస్ వల్లే, మంచిదేలే’ అనుకోకండి. ఒంట్లో శక్తి చాలక హార్మోన్లు పడిపోయాయని, ఎముక పలచబడుతోందని అది సూచన. అమెరికా నౌకాదళంలో 5 వేల మందికి పైగా మహిళా రిక్రూట్లకు శిక్షణ కాలంలో కాల్షియం, విటమిన్ డి ఇస్తే ఎముకల చీలికలు సుమారు ఐదోవంతు తగ్గాయి. పాలు, పెరుగు, రాగిజావ, ముళ్లతో తినే చిన్న చేపలు మనకు అందుబాటులోనే ఉన్నాయి. విటమిన్ డి మాత్రం ఎండ నుంచి రావాలి. చీకట్లో ఐదింటికి పరుగెత్తి, పగలంతా స్టడీహాల్లో ఉంటే హైదరాబాద్‌లో ఎంత ఎండున్నా ఏం లాభం? నొప్పితో వచ్చినవాళ్లకు నేను ఈ పరీక్ష రాస్తాను, మగపిల్లలైనా సరే.

వారాలు సంపాదించుకోవడం

మీరు నోటిఫికేషన్ కోసం చదువుతున్నారంటే ఈ వారం నుంచే, వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తండి. టైమింగ్ అవసరం లేదు. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగం చాలు. తారు రోడ్డు కన్నా మట్టి నేల నయం. అడుగులు పొట్టిగా, తరచుగా పడనివ్వండి. చాచి వేసే పెద్ద అడుగు ఎముక మీద ఎక్కువ బరువు వేస్తుంది. ఒక వారం దూరం పెంచితే ఆ వారం వేగం పెంచకండి. మునివేళ్ల మీద లేచి దిగే వ్యాయామం రోజూ చేయండి. పుస్తకం పట్టుకుని కూడా చేయొచ్చు. ఇలా నాలుగు నెలలు గడిచాక నోటిఫికేషన్ వచ్చినా, ఫలితాలు వచ్చినా మీ ఎముక అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

ఇప్పటికే నొప్పి ఉంటే కొన్ని వారాలు పరుగు ఆపాల్సిందే. నడక, సైకిల్, అవకాశముంటే ఈత దమ్ము పోకుండా కాపాడతాయి. నొప్పి లేకుండా అరగంట వేగంగా నడవగలిగి, ఒంటికాలి మీద గెంతగలిగాక, ఒక నిమిషం పరుగు ఒక నిమిషం నడక చొప్పున మొదలుపెట్టండి. ‘సార్, ర్యాలీ ఇరవై రోజుల్లో ఉంది’ అంటారు. వయసు 21 దాటిపోతోందని ఏడ్చిన పిల్లలను చూశాను. వాళ్లకు ‘ఆపేయ్’ అని చెప్పడం తేలిక కాదు. షిన్ స్ప్లింట్స్ మాత్రమే అని తేలితే, ఆ ఇరవై రోజులూ సైకిల్ తొక్కి నేరుగా ర్యాలీకి వెళ్లమని కొందరికి చెబుతాను. ఎముక చిట్లిందని తేలితే మాత్రం ఎంత బతిమాలినా సరే అనను.

ఎంపికైన వాళ్లకు సమస్య అక్కడితో ఆగదు. సికింద్రాబాద్‌లోని ఏఓసీ, ఈఎంఈ కేంద్రాల్లోనూ, గోల్కొండ ఆర్టిలరీ కేంద్రంలోనూ వందలాది అగ్నివీరులు శిక్షణ పొందుతారు. అక్కడ రిక్రూట్ నొప్పిని దాచిపెట్టడానికి కారణం పిరికితనం కాదు, రెలిగేషన్ భయం. శిక్షణ రోజులు పోతే వెనక బ్యాచ్‌లో కలుపుతారని, స్నేహితులు ముందుకెళ్లిపోతారని. నాలుగేళ్ల సర్వీసులో, చివరికి నలుగురిలో ఒకరికే కొనసాగింపు ఉన్నప్పుడు ఆ భయం ఇంకా పెరుగుతుంది. మొదటి వారంలోనే ఎంఐ రూమ్‌లో చెప్పుకుంటే కొద్ది రోజుల తేలికపాటి డ్యూటీతో పోయేది, దాచుకుంటే నెలల మంచం అవుతుంది. మీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు ‘కాళ్లు ఎలా ఉన్నాయిరా?’ అని అడగండి. అడిగితే చెబుతారు.

నియామక బోర్డులను నేను కోరేది ఒక్కటే. రాతపరీక్ష రోజే పరుగు పరీక్ష ఏ నెలలో ఉంటుందో ప్రకటించండి. తేదీ కాకపోయినా నెల తెలిస్తే చాలు. ఫలితాలకూ ఈవెంట్స్‌కూ మధ్య కనీసం పన్నెండు వారాలు వదలండి. ప్రిలిమ్స్ హాల్‌టికెట్ వెనకాల ‘ఈ రోజు నుంచే నెమ్మదిగా పరుగు ప్రారంభించండి’ అని ఒక్క వాక్యం అచ్చువేయడానికి పెద్ద ఖర్చేమీ అవదు. ఏ రెడీమేడ్ సోల్ కన్నా అది ఎక్కువ కాళ్లను కాపాడుతుందని నా నమ్మకం.

నొప్పితో ఓపీకి వచ్చేటప్పుడు మీరు పరుగెత్తే బూట్లు కూడా వెంట తెచ్చుకోండి, కడగకుండా, ఉన్నవి ఉన్నట్టుగా. అడుగు ఏ వైపు అరిగిందో చూస్తే మాకు సగం సంగతి తెలుస్తుంది. గత నెల రోజుల్లో ఏ రోజు ఎంత పరుగెత్తారో ఒక కాగితం మీద రాసుకు రండి. మిగతా సగం సాధారణంగా ఆ కాగితంలోనే ఉంటుంది.